ఒక్క మెతుకు

టార్టులో, మంచు పడే మంగళవారాలు,
కల్యో తడి మేజోళ్లతో వచ్చి కూర్చునేవాడు.
నది పడవలో ముప్పయ్యేళ్లు టికెట్లు చింపిన చేతులు.
స్ట్రోక్ వచ్చాక ముఖాలన్నీ చెరిగిపోయాయి:
భార్యను దగ్గుతో గుర్తుపడతాడు,
నన్ను తాళాల గుత్తి చప్పుడుతో.

పదకొండేళ్లు. నాలుగు ఫైళ్లు.
వ్యాసంలో అతను 'క.', అరవై రెండేళ్లు, కుడిచేతివాటం.
నాకోసం తెచ్చే పొగచేప వాసన
ఏ పట్టికలోనూ పట్టలేదు.

ఒక్కడితో ఏం తేలుతుందని సమీక్షకుడి ప్రశ్న.
ఉడికిందో లేదో ఒక్క మెతుకే చెబుతుంది, నిజమే.
ఈ మెతుకు ఏ కుండలోదో
నాకింకా తెలీదు.

నిన్న అద్దం ఎదురైతే పక్కకు జరిగి
"మీరు ముందు వెళ్లండి" అన్నాడు,
టోపీ తీసి.

పెన్ను చేతిలోనే ఉంది.
జేబులో తాళాలు ఒకసారి కదిపాను.