నలభై రెండో చెవి

మిర్యాలగూడ. రాత్రి రెండున్నర.
మిల్లుల ఊక పొయ్యి ముందు కూసొని
పాటలు తవ్వుతున్న సైదులూ,
బోరు ఏసినట్టే.
మున్నూరు అడుగులు పోయినా దుమ్మే.

గప్పుడు తగిలిండ్రు ఈ ముగ్గురు.
ఏ దేశమో, బ్యాండు పేరుకు నోరు తిరగలే.
దీన్ని పంక్ అంటరట.
గిటారు శృతిల లేదు.
డ్రమ్ము కొట్టెటామె తాళం తప్పి
తప్పినకాడ్నే ఇంకింత గట్టిగ కొట్టింది.
పాడెటోడు పాడుతలేడు,
తూకంల మోసం జేసిన సేటుతోని
కొట్లాటకు దిగిండు.
మాట ఒక్కటి సమజ్ కాలే గని
ఎందుకు ఒర్రుతుండో సమజైంది.

కింద అంకె చూసిన:
విన్నోళ్లు నలభై ఒక్కరు, నన్ను కలుపుకొని.
మన హమాలీ సంఘమే నయం,
యాభై మూడు మందిమి!

నీకు పంపిన.
ఫస్టు తల నొస్తది, నాకూ నొచ్చింది.
ఒక్క ఇయర్‌ఫోనే పనిజేస్తదంటివి గదా,
గా ఎడమ దాంట్లనే పెట్టు.
రెండో నిమిషం కాడ ఎవరో దగ్గుతరు,
తీసెయ్యకుండ అట్లనే ఉంచిండ్రు.
అచ్చం మన దుమ్ము దగ్గు.

నచ్చకుంటె తిట్టు, పడత.
ఆరింటికి సైరన్ మోగినంక
అంకె చూస్త.
నలభై రెండుంటె
నువ్వు లేచినట్టు.