ముప్పై ఏడో మొక్క

గుణుపురంలో వంశధార దాటగానే మా తోట.
బోర్డు మూడు భాషల్లో ఉంది.
తెలుగు వరసలో ధ కింద గీత చెరిగిపోయి
ఔషధం కాస్తా ఔషదం అయింది.
వాసనకి అక్షరాలెందుకని ఎవరూ దిద్దలేదు.

నా పని లెక్కపెట్టడం.
చైనా దవనం ఆకుని గాజుపలక మీద పరిచి
గడికి ఎన్ని గ్రంథి రోమాలో పుస్తకంలో వేసుకుంటాను.
ఒక్కోదానికి పది కణాలు,
భోజనాల బంతిలో ఎదురెదురు కూర్చున్నట్టు.
వండిన చేదుని కడుపులో ఉంచుకోవు,
ఉంచుకుంటే తామే చస్తాయి.
బయటికి, పైపొర కిందికి నెట్టేస్తాయి.
పొర ఉబ్బుతుంది, కాలిన వేలి మీది బొబ్బలా.
మా అన్నకి మలేరియా దించింది
ఆ బొబ్బలో నీళ్ళే.

మేడమ్ చెప్తారు,
ఆకు విచ్చకముందే అంతా తేలిపోతుందట.
చిగురు నువ్వుగింజంత ఉన్నప్పుడే
ఒక జన్యువు లేపుతుంది, ఇంకోటి కూర్చోబెడుతుంది.
ఆకు ముదిరాక ఎంత బతిమాలినా
కొత్త గ్రంథి ఒక్కటీ పుట్టదు.

ముప్పై ఏడుకి అసలే లేవు.
అదే విత్తనం, అదే మడి, అవే నీళ్ళు.
మూడుసార్లు సున్నా వేశాను.
కటకం తుడిచి నాలుగోసారీ సున్నాయే.
"కళ్ళు చూపించుకో దండాసీ" అన్నారు మేడమ్.
ఆకుముక్క భువనేశ్వర్ వెళ్ళింది.

వానల్లో కంచె పడింది.
సుక్రి గొమాంగో మేకలు పదకొండూ దిగిపోయాయి.
కర్ర పట్టుకుని పరిగెత్తేసరికి
నలభై ఎనిమిది మొక్కల్నీ మూతి పెట్టి చూసి,
తుమ్మి, తప్పుకుంటున్నాయి.
ముప్పై ఏడు మటుకు
జానెడు మోడు.

దండుగ ఎంతోనని సుక్రి కొంగు ముడి విప్పుతోంది.
"ఏటొద్దులే, తోలుకుపో" అన్నాను.
పుస్తకం తీసి నాలుగో సున్నా పక్కన రాశాను:
సరిచూసినది, మేక.

దసరా వెళ్ళాక కాగితం వచ్చింది.
లేపే జన్యువు ఉందిట, చెక్కుచెదరలేదట.
దాన్ని చదవడం మొదలెట్టమనే చోట, ముందర,
ఒక్క అక్షరం లేదు.
మేడమ్ చాలాసేపు నా కళ్ళజోడు వంక చూశారు.

మా పిల్లకి తెలుగులో తిట్లు కూడా వచ్చు.
బోర్డు చదవమంటే
పై వరస ఒడియా చదివి ఊరుకుంటుంది.
తప్పు దానికి కనపడలేదు.

మోడు మళ్ళీ చిగిర్చింది.
నున్నగానే.
కంచె అవతల
పదకొండు జతల కళ్ళు.