శివారు కుళాయి

వంటింటి గోడ ముందు కొట్టానండి.
నాలుగో దెబ్బకి సున్నం పెచ్చు ఊడి
అరవైమూడునాటి జీఐ గొట్టం
నల్లగా, చెమర్చి, కనబడింది.
రంపంతో కోసి వెలుతుర్లోకి పట్టి చూశాను:
పేరుకి అరంగుళం,
లోపల తుప్పు పేరుకుని
పెన్సిలు దూరితే గొప్ప.

నరసాపురంలో, రేవుకి రెండు వీధుల ఇవతల ఇల్లు.
పోటెక్కిన రోజుల్లో బోరు నీళ్ళు
నాలిక్కి ఉప్పు తగుల్తాయి.
ఇనుమేం చేస్తుంది పాపం.

గోడ విప్పితే గాని తెలీదు
ఏ ఇంట్లో ఎవరి మాట ఎంత లావో.
ట్యాంకులోంచి అంగుళం గొట్టం దిగి
తిన్నగా వీధివైపు స్నానాలగదికి పోయింది.
అది మామగారు అబ్రహాంగారిది, హెడ్మాస్టరు.
షవరు, తొట్టి, మొహం కడిగే సింకు
అన్నీ తాగాక మిగిలింది ముప్పావుకి తగ్గి
రెండు గదులు చుట్టి
ఏడు ఎల్బోలు మెలితిరిగి
అరంగుళమై వంటింట్లో తేలింది.

మా నాన్న లస్కరండి.
సైకిలు ముందు కడ్డీ మీద కూచుని
ఆయనతో కాలవగట్టంతా తిరిగాను.
తూము తలుపు ఎన్ని మరలు ఎత్తాలో
నీళ్ళ చప్పుడు విని చెప్పేవాడు.
ఎగువోడు బోదెకి అడ్డంగా గడ్డిమోపు తొక్కితే
శివారోడి నారుమడి నెర్రెలు విచ్చేది.
రాత్రిళ్ళు శివారోళ్ళు లాంతర్లు పట్టుకొచ్చి
మా గుమ్మంలో నిలబడేవారు.
తిట్టేవారు కాదు.
నిలబడేవారంతే.

ఈ ఇంట్లో వంటిల్లు శివారండి.

దయామణిగారిని అడిగాను:
"ఒకేసారి ఎన్ని కుళాయిలు విప్పుతారు?"
లెక్కకి కావాల్సింది అదొక్కటే,
కుళాయిలెన్నని కాదు, కలిసి విప్పేవెన్నని.
ఆవిడ చాలాసేపు ఆలోచించారు.
"ఒకేసారా? అలా ఎప్పుడూ లేదు నాయనా.
ముందుగదిలో చప్పుడు ఆగాకే
బియ్యం కడిగేదాన్ని.
మర్చిపోయి విప్పానా, గోడవతల్నించి
'కట్టెయ్!' అని ఒక్క కేక."
నవ్వారు. నేను టేపు చుట్టుకున్నాను.

"మరి ఇప్పుడో?"
"ఇప్పుడు పదకొండుమంది వస్తారు
లేసు అల్లడానికి.
మధ్యాన్నం అన్నాలు తిని అందరూ ఒక్కసారే లేస్తారు.
చేతులు కడక్కుండా దారం ముట్టకూడదు.
తుప్పునీళ్ళతో కడిగితే మరీను,
తెల్లదారం మీద వేలి మరక పడిందంటే
ఆ ముక్క వెనక్కొచ్చినట్టే."

సుద్దముక్కతో గచ్చు మీద గుండ్రాలు గీశాను
మా నూకరాజుకి తెలియాలని.
అంగుళంలో అరంగుళాలు ఎన్నిరా?
"రెండు."
కాదురా, నాలుగు.
వెడల్పు రెట్టింపైతే దారి నాలుగింతలు.
వాడు గుండ్రాల్ని చూశాడు, నన్ను చూశాడు.
"అయితే సగానికి తగ్గిస్తే
పావే మిగుల్తుందా?"
బాగుపడతాడు వీడు.

ట్యాంకునించి అంగుళంపావు,
ఎక్కడా తగ్గించకుండా వెనకవరండా దాకా.
అక్కణ్ణించి వంటింటికి విడిగా అంగుళం.
సింకుల వరసకి ఇంకో అంగుళం,
ఒక్కో కుళాయి దగ్గర మాత్రం అరంగుళం.
వీధివైపు స్నానాలగదికి ముప్పావు చాలు.
ఎల్బోలు ఏడు కాదు, మూడు.
ప్రతి మలుపూ నీళ్ళకి ఒక మెట్టెక్కినంత పనండి.
ట్యాంకు ఎత్తు పదకొండడుగులే,
ఆ కాస్త బరువునే అందరికీ పంచాలి.
పోనీ అంతా లావు వేసేద్దామా అంటే
నీళ్ళు గొట్టంలో నిద్రపోతాయి,
డబ్బు దండగ.

శనివారం వాల్వు తిప్పాను.
ముందు గాలి దగ్గింది,
తర్వాత ప్లాస్టిక్ వాసనతో నాలుగు చుక్కలు,
తర్వాత నీళ్ళు.
నూకరాజు ముందుగదిలో షవరుతో సహా విప్పేశాడు.
వరండాలో ఐదూ విప్పాం.
దయామణిగారు వంటింటి కుళాయి మీద చెయ్యి వేసి
ఆగారు.
తల కొంచెం వంచి
గోడవతల చప్పుడు వింటున్నారు,
అది ఆగేదాకా.

"ఆగక్కర్లేదండి" అన్నాను.
విన్నారో లేదో.

వరండా టీ దగ్గర చిన్న చెమ్మ కనబడింది.
సోమవారం వచ్చి చూడాలి.