పన్నెండో పేజీ సవరణ

అంబాజీపేట కొబ్బరి సొసైటీ నుంచి
ధనకుమారి ఫోను:
"పాస్‌వర్డ్ మర్చిపోయానండి.
పెట్టెలో పెట్టి తాళం వేశామని
మీ పుస్తకంలోనే ఉంది కదా,
కాస్త తీసి చదివి చెప్దురూ."

తప్పు ఆవిడది కాదు.
తాళం అని రాసింది నేను.

ఫోన్లో వెనక గానుగ చప్పుడు.
నూనె మళ్ళీ కురిడీ అవుతుందాండీ అన్నాను.
"అదెలా!" నవ్వింది.
మీ పాస్‌వర్డూ అంతే.
మళ్ళీ టైపు చేస్తే మళ్ళీ ఆడిస్తాం,
అప్పటి చుక్కా ఇప్పటి చుక్కా ఒకటైతే
తలుపు తీస్తాం.
కాయ మా దగ్గర లేదు.

"మరి ఉప్పు? రహస్యమన్నారని
చీటీ మీద రాసి బీరువాలో పెట్టాను."

అయ్యో. ఉప్పు పక్కనే, కళ్ళెదుటే ఉంటుంది.
మీరూ, గుమస్తా సూరన్నా
ఇద్దరూ 'కొబ్బరి123' అనే పెట్టుకున్నా
రుచులు వేరుగా తేలాలని
ఎవరి కాయకు వారి చిటికెడు.
దాచాల్సింది మిరియం.
ఆ మాట నేను రాయనే లేదు.

"ఖరీదు పన్నెండు అంటే, రూపాయలా?"

చుట్లండీ. ఒక్క అంకె పెంచితే
గానుగ చుట్లు రెట్టింపు.
మనకి రెప్పపాటు ఆలస్యం,
దొంగకి ఏళ్ళు.

ఆ రాత్రి కొత్తపేటలో కరెంటు లేదు.
బ్యాటరీ అయిపోయేలోగా తాళం కొట్టేశాను.
నలుపు అని రాశాను,
రంగనుకుంటారని అదీ కొట్టేశాను.
చివరికి హాష్‌ని హాష్‌గానే వదిలి
కింద ఒక్క ముక్క చేర్చాను:
వెనక్కి రాదు.

పొద్దున్నే మెసేజి:
"కొత్తది పెట్టుకున్నాను.
మీక్కూడా చెప్పను."