నలుపు బాకీ

సొహార్ రేవు పక్కన రిఫైనరీల
ఆరేండ్లు పైపుల కింద మలిగి బోల్టులు బిగించిన.
భూమి కడుపుల నలుపు
బరబర పైకొచ్చి ఓడలెక్కి పోయేది.
పైపు మీద చెయ్యి పెడితే
ఆ పోత తెలిసేది, నాడి లెక్క.

ఇప్పుడు సహమ్‌ల,
సముద్రానికి కోసెడు దూరంల, ఒక ఖర్జూర తోటల
అవే చేతులతోని
నలుపును కిందికి దింపుతున్న.

పని ఇట్లుంటది.
ఎండిన మట్టలు మూరెడు మూరెడు నరికి
గరాటు లాంటి గుంతల పేర్చి
పై నుంచి అంటువెడ్తం.
మంట మీదనే ఆడాలె, గాలి కిందికి దిగొద్దు.
బూడిదయిందా, కూలి దండగ.
బూడిదంటే ఎగిరిపోయినట్టు,
బొగ్గంటే ఆగినట్టు.
ఆ రెండిటి నడుమ
సగం బీడీ తాగేంత సేపుంటది.
మొఫిజుల్ దాన్ని వాసనతోని పడ్తడు.
"బస్" అంటడు. నేను మట్టి కప్పుత.
నీళ్ళు గుమ్మరిచ్చి ఆర్పొచ్చు గని
నీళ్ళేడియి?

ఈ బాయి నీళ్ళతోని చాయ్ కాస్తే పాలిరుగుతయి.
సుహైల్ అర్బాబ్ తాత నాడు తియ్యగుండెనట,
మామిళ్ళు గూడ కాసినయట ఇక్కడ.
పంపులొచ్చినయి, తోడిన్రు,
తోడిన జాగల సముద్రమొచ్చి కూసున్నది.
ఉప్పు తిన్నోనికి విశ్వాసముంటదంటరు.
ఈ నేల తినీ తినీ, విశ్వాసం మాట దేవుడెరుగు,
తెల్లగ పొక్కి
చెప్పు కింద అప్పడం లెక్క విరుగుతది.

అందుకే బొగ్గు.
మేకల పెంటల మూడు నెలలు మాగబెట్టి
చెట్టు చుట్టూ జానెడు లోతుల పాతుతం.
పైన లూసర్న్ గడ్డి జల్లుతం.
దున్నుడు బంద్.

ఆరు నెలలకోపారి మస్కట్ నుంచి
షైమా బలూషి మేడం వస్తది.
ఇనుప గొట్టం నేలకు గుచ్చి, మట్టి తీసి
సంచుల మీద నంబర్లు రాసుకుంటది,
రక్తం తీస్కపోయే నర్సమ్మ లెక్క.
మొదటేడు నూట్ల పావు గూడ లేదన్నది కర్బనం.
ఈపారి అర దాటిందన్నది.
"గంతేనా?" అన్న.
ఆమె నవ్వలే.
వచ్చీరాని హిందీల చెప్పింది:
గాలిల తిరగాల్సిన దాన్ని మీరు ఇక్కడ కూసోబెట్టిన్రు.
గడ్డి తెచ్చింది, పెంట తెచ్చింది
గెలికితే మళ్ళ ఎగిరిపోతది, పిట్ట లెక్క.
బొగ్గు మాత్రం
మన మనుమల మనుమలు పోయినా ఉంటది.

రూముకొచ్చి లెక్కవెట్టుకున్న.
నా వీసా రెండేండ్లకోపారి.
నా బొగ్గుకు స్టాంపు లేదు, మెడికల్ లేదు,
కఫీల్ అసలే లేడు.
కొంచెం కుళ్ళుకున్న, అబద్ధమెందుకు.

రాత్రి మా అక్క రాజవ్వ ఫోన్ చేసింది.
"ఏం పాతుతున్నవ్ రా గీ నడుమ?"
"బొగ్గు."
"బొగ్గు పాతితే ఏం మొలుస్తది?"
"ఏం మొల్వది."
"మరెందుకు?"
ఎందుకో చెప్పబోయిన.
మాటలు అందలే. బాలెన్స్ గూడ అయిపోయింది.

బయటికొచ్చి నిలబడ్డ.
సొహార్ దిక్కు మబ్బు కింద
రిఫైనరీ గొట్టం మంట ఎర్రగ ఊగుతున్నది.
మేము ఏడాది పాతింది
అది ఎంత సేపట్ల మింగుతదో.
నా చేతుల కింద పోయిన పీపాలెన్నో,
నేను దింపిన తట్టలెన్నో,
ఈ బాకీ ఎన్నటికి తెగేనో మొఫిజుల్‌ను అడిగిన.
"ఖల్లివల్లి భాయ్, నాలుగింటికి లేవాలె" అని
దుప్పటి ముసుగు పెట్టిండు.

నాలుగింటికి లేసినం.
అరవై ఒకటో చెట్టు కాడ
పోయినేడు పాతిన నలుపుల పార దించితే
ఎర్ర.
ఒక్కటే. బక్కది, దారప్పోగంత.
ఈ ఉప్పు నేలల మూడేండ్లకు మొదటిది.
బొగ్గు పలుకును చుట్టుకొని
మెల్లగ లోపలికి పోతున్నది.

మొఫిజుల్‌ను పిలువలే.
తీసిన మట్టి దాని మీదనే కప్పి
రెండడుగులు పక్కకు జరిగి
తవ్విన.