కొలత కోసం ఒక చెయ్యి

వరుస నాలుగువందల పదిహేడు.
మొక్క పేరు: ఒసుగా.
తినే భాగం: ఖాళీ.
విషమా: అవును.
ఆధారం: ఎప్పుడో, ఏదో చలిదేశంలో
గొర్రె ఒకటి మేసి చచ్చిపోయిందని
ఎవరో రాసిపెట్టిన మాట.

ఆ గొర్రె ఎవరిదో నాకు తెలీదు.
కిసుము బస్టాండు వెనక
కరెంటు ఉన్నప్పుడే ఆఫీసయ్యే గదిలో
ఆ మాటనే చూస్తూ
టిఫిను గిన్నెలో ఒసుగా తింటున్నాను.

"అవును" చెరిపేస్తే సరిపోదు.
చెరిపినవాళ్ళు సాక్ష్యం చూపాలి.
నా నాలుక సాక్ష్యం కాదట.
కరువేడు ఈ ఆకుతోనే గట్టెక్కిన మా అమ్మమ్మ
అస్సలు కాదట.
అచ్చులో ఉండాలి.

అందుకని ఆదివారం కిబుయే సంతకి పోయాను.
డోర్సిలా అపోండి గోనెపట్టా మీద
కట్టలు కట్టలుగా చేదు పరుచుకుని కూర్చుంది.

ఫోన్లో ఫారం తెరిచాను.
విత్తాక ఎన్ని రోజులకి కోత?
"కొసలు గిల్లు. చిగురిస్తుంది. మళ్ళీ గిల్లు.
కోతేమిటే రిస్పర్, ఇదేమన్నా జొన్నా?"
ఆ గడిలో అంకె తప్ప ఏదీ పట్టదు.
ఇరవై ఎనిమిది అని వేశాను.
అబద్ధం కాదు.
నిజమూ కాదు.

ఎలా వండుతారు?
మొదట ఉడికిన నీళ్ళు పారబోయాలి.
పాలు పోసి, కుండలో, తెల్లారేదాకా వదిలేయాలి.
రేపు వేడిచేసి మళ్ళీ పాలు. ఎల్లుండి మళ్ళీ.
మూడోనాటికి చేదు లొంగుతుంది.
"పూర్తిగా కాదు.
పూర్తిగా లొంగితే ఇంక అది కూరెందుకు?"

పచ్చికాయ పిల్లలకి అందనీకు, అంది.
ఆ ఒక్క మాటా గడిలో సరిగ్గా పట్టింది.
జ్వరం లేచినవాళ్ళకి మొదటి ముద్ద ఇదే, అంది.
భర్త పోయిన వారం
ఇరుగుపొరుగు తెచ్చిన ఆరు కుండల్లో
ఎవరి కుండ ఏదో
చేదుని బట్టి పోల్చుకున్నానని అంది.
దానికి గడి లేదు.

తర్వాత రెండు రెమ్మలు ఎత్తి పట్టుకుంది.
ఇది వెడల్పాకు, మేం చల్లింది.
ఇది సన్నాకు, తనంతట తనే మొలిచింది,
పాత దొడ్డి గోడ కింద.
పేరు ఒకటే. మొక్క ఒకటి కాదు.
ఫోటో తీశాను.

శుక్రవారం రాత్రి యంత్రం అడిగింది:
ఒకే పేరుతో రెండు నమోదులు, కలిపేయనా?
నిద్రమత్తులో అవునన్నాను.
వెడల్పాకు సన్నాకుని మింగేసింది,
చడీచప్పుడు లేకుండా.
దొడ్డి కింద మొక్క నశించాలంటే
ఎన్నో వానలు తప్పాలి.
నాకు ఒక్క వేలు చాలింది.

విడదీయడానికి పదకొండు రోజులు.
ఎక్కడో మంచులో కూర్చున్న వీట్‌స్కే అనే ఆవిడ
ప్రశ్న మీద ప్రశ్న పంపింది:
కాయ తొడిమ నిటారా, వంపా?
పండితే రాలుతుందా, పట్టుకునుంటుందా?
నేను సంతకి, సంత నుంచి గదికి,
డోర్సిలా నన్ను చూడగానే
"వచ్చింది, తొడిమల పోలీసు" అనడం మొదలెట్టింది.
చిట్టచివర వీట్‌స్కే అడిగింది:
ఆ చేదు ఎలా ఉంటుంది?
రెండుసార్లు జవాబు రాసి
రెండుసార్లూ కొట్టేశాను.

ఇప్పుడు నాలుగువందల పదిహేడు, దాని కింద పద్దెనిమిది.
విషమా: పచ్చికాయ, అవును. ఆకు, వండితే కాదు.
ఆధారం: డోర్సిలా అపోండి, కిబుయే సంత, ముఖతః.
ఆ "ముఖతః" మీద ఇంకా తగవు నడుస్తోంది.

ఫోటో మీద కూడా.
అందులో రెండు రెమ్మలతో పాటు ఆమె చెయ్యి ఉంది.
పసరుకి నల్లబడ్డ గోళ్ళు,
చూపుడువేలికి కొస లేదు,
జనపనార కోసే రోజుల్లో పోయిందట.
ఎవరో దాన్ని కత్తిరించారు.
కారణం: అనవసరమైన వస్తువు.

నేను తిరిగి పెట్టాను.
కారణం: కొలత కోసం.

మళ్ళీ కత్తిరించారు. మళ్ళీ పెట్టాను.
ఈ పొద్దున చూస్తే
మణికట్టు దాకా లేదు,
రెమ్మలు గాల్లో వేలాడుతున్నాయి.

కరెంటు మూడింటికి వస్తుందంటున్నారు.
కూర్చున్నాను.