నాలుగు శాతం

తాడిపత్రి దాటినాక ఎదురుగాలి.
పదిహేను మీద తిరిగితేనే
ముందుచక్రం డైనమో తెరకి మేత వేస్తుంది.
నేను పదకొండులో ఈడుస్తున్నాను.
పవర్‌బ్యాంకు గుత్తి దగ్గరే చేతులెత్తేసింది.
నాలుగు శాతం.
వెలుతురు తగ్గించాను, కూత ఆపాను,
మలుపొస్తే తప్ప చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

చీనీతోట గట్టున స్టార్టరు పెట్టె,
కింద గోనెసంచి మీద ఓబులపతి.
"త్రీఫేజు తొమ్మిదికొస్తాదన్నారు. కూసో."
మోటారు కోసం ఆయన, డబ్బా కోసం నేను
ఆరిపోయిన అవే మూడు బల్బుల్ని చూస్తూ.

పదకొండున్నరకి వెలిగాయి.
మోటారు దగ్గి దగ్గి నీళ్లు కక్కింది.
ఆయన నా తెర మీదికి వంగి
సన్నటి నీలిగీతను వేలితో తాకాడు.
"ఇదేంది?"
పెన్న, అన్నాను.
"దీనికెవురో అబద్దం చెప్పినారప్పా."
కాసేపాగి,
"ఐదు బోర్లేసినా. బోరు పాయింటు సూపిస్తాదా?"

చూపించదు.

ముప్పై రెండు దగ్గర కరెంటు పోయింది.
ఇద్దరం ఒకేసారి లేచాం.
నాకు జమ్మలమడుగు దాకా చాలు.
సైకిలు రోడ్డెక్కిస్తూ వెనక్కి చూస్తే
చేతిలైటు వేసుకుని ఆయన
తడవని పాదులు లెక్కపెడుతున్నాడు.